కంప్యూటరుల మిగులు శక్తి

మన జిల్లాలో ‘మిగులు’ అను మాట అరుదుగా వినబడును. వాన మిగులదు, చెఱువున నీరు మిగులదు, వేరుసెనగ చక్కగా పండిన యేట సయితము అప్పు తీర్చిన పిమ్మట రైతుచేత మిగులునది స్వల్పము. అట్టి సీమలో నేడు ఇంటింట గాకున్నను వీథివీథిని ఊరక మిగిలిపోవుచున్న వస్తు వొకటి కలదు. అది కంప్యూటరు శక్తి. ఈ మిగులును ఒకచోట జేర్చి లోకోపకారమగు పనులకు వినియోగించు పద్ధతి ముప్పది యేండ్లుగా ప్రపంచమున నెలకొనియున్నది. దాని స్వరూపమును మా పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటయే యీ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము. కరవుసీమ వారమగు మనము అందు పాల్గొనవలెనా, పాల్గొన్నచో నెంతవఱకు, అను ప్రశ్నకును మాకు తోచిన సమాధానమును తుదను జెప్పెదము.

మొదట ‘మిగులు’ ఎట్లు కలుగునో చూతము. విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి వ్యాసము వ్రాయుచున్నాడనుకొందము. అతడు ఒక అక్షరము కొట్టి మఱియొక అక్షరము కొట్టులోపల ఆ యంత్రము కోట్లకొలది లెక్కలు చేయగలదు. కాని దానికి చేయవలసిన లెక్కలు లేవు. కావున అది వేచియుండును. అతడు భోజనమునకు లేచిపోయినప్పుడును అది వేచియే యుండును. యంత్రముయొక్క మెదడగు ప్రాసెసరు సామాన్యముగా ఇండ్లలో తన శక్తిలో కొద్దిపాలు మాత్రమే వినియోగించుచు, దినములో నధికభాగము ఖాళీగా నుండును. ఇట్టి యంత్రములు లోకమున కోట్లకొలది కలవు.

ఇక నొకవైపున శాస్త్రజ్ఞులకు లెక్కల కరవు కలదు. ఒక క్రొత్త మందు రోగాణువుపై నెట్లు పనిచేయునో, రాబోవు కాలమున వానలు ఎట్లు మాఱునో, ఆకాశమునుండి వచ్చు రేడియో ధ్వనులలో నేమి దాగియున్నదో తెలిసికొనవలెనన్నచో లెక్కకు మిక్కిలి లెక్కలు కట్టవలెను. వానిని చేయగల మహాయంత్రములు కోట్ల రూపాయల వెలగలవి. వానికొఱకు కాచియుండు పరిశోధకులు అనేకులు. ఒకచోట మిగులు, ఒకచోట కొఱత. ఈ రెంటిని గలుపుటయే ‘స్వచ్ఛంద గణనము’ అనబడును.

అయితే ఎల్ల పనులును ఇట్లు పంచుకొనుటకు వీలుగావు. దీనిని మన పల్లెల పనులతోనే గ్రహింపవచ్చును. వేరుసెనగ పెఱికి కళ్లమున కుప్పవేసిన పిమ్మట కాయ తెంపుటకు ఇరువదిమంది కూర్చుందురు. ఎవరి ముందఱి కుప్ప వారిది. ఒకరి పనికై యింకొకరు కాచియుండ నక్కఱలేదు. ఇరువదిమందికి బదులు నలువదిమంది వచ్చినచో పని సగము కాలమున ముగియును. సాయంకాలమున అందఱి కాయలను కొలిచి ఒక రాశిగా పోయుదురు. బావి త్రవ్వుట యట్టిది గాదు. మొదటి మట్టు త్రవ్వనిదే రెండవ మట్టు త్రవ్వరాదు. నూఱుగురు వచ్చినను గోతిలో పట్టువారు నలుగురే. లెక్కలును ఇట్లే రెండు విధములు. కాయ తెంపుటవంటి లెక్కలు ఇంటి కంప్యూటరులకు పంచిపెట్టదగినవి. బావి త్రవ్వుటవంటివి మహాయంత్రములకే తగినవి.

పంచిపెట్టు విధ మెట్టిదనగా, పరిశోధనాలయమున నొక ప్రధాన కంప్యూటరు ఉండును. అది పెద్దపనిని లక్షలకొలది చిన్న ముక్కలుగా విభజించును. పాల్గొనగోరువారు తమ కంప్యూటరులో ఒక ఉచిత ప్రోగ్రామును నెలకొల్పుకొందురు. ఆ ప్రోగ్రాము ఇంటర్నెట్టుద్వారా ఒక పనిముక్కను తెచ్చుకొని, యజమానునకు అడ్డు రాకుండ మెల్లగా లెక్కకట్టి, ఫలితమును త్రిప్పిపంపి, మఱియొక ముక్కను దెచ్చుకొనును. నడుమ కరెంటు పోయినను పని వ్యర్థము కాకుండుటకై అది అప్పుడప్పుడు తాను చేసినంతవఱకు వ్రాసి దాచికొనుచుండును. తఱచు కరెంటు పోవు ఊళ్లలో నిది గొప్ప సదుపాయము. ఇచ్చిన గడువులోపల ఫలితము రానిచో ప్రధాన కంప్యూటరు ఆ ముక్కను వేఱొకరికి పంపును.

ఇచ్చట నొక సందేహము గలుగును. ముక్కుమొగ మెఱుగని వారి యంత్రములు చేసిన లెక్కలను నమ్ముట యెట్లు? పాతబడిన యంత్రము తప్పు చేయవచ్చును. కొంటెవాడు కావలెనని తప్పు పంపవచ్చును. దీనికి మందుగా అనేక పథకములలో ఒకే ముక్కను ఇద్దఱికి వేఱువేఱుగ పంపుదురు. ఇరువురి ఫలితములు సరిపోయిననే అంగీకరింతురు. సరిపోనిచో మూడవవానికి పంపుదురు. ఉపాధ్యాయుడు ఒకే లెక్కను ఇరువురు పిల్లలచేత వేఱువేఱు పలకలపై చేయించి సరిచూచుటవంటి దిది. నమ్మకమును ఊహపై గాక పరీక్షపై నిలుపుట ఈ పద్ధతియందలి మెచ్చదగిన గుణము.

ఈ యుద్యమముయొక్క చరిత్రను సంగ్రహముగా జెప్పెదము. 1996వ సంవత్సరమున జార్జి వోల్ట్‌మన్ అను నమెరికావాసి, అతి పెద్దవగు ప్రధానసంఖ్యలను వెదకుటకు ఇంటి కంప్యూటరుల యజమానులను ఆహ్వానించెను. 3, 7, 31 మొదలగు సంఖ్యలవలె రెండుచే అనేక పర్యాయములు గుణించి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్యలలో ప్రధానసంఖ్యలను అతని సంఘమువారు వెదకుదురు. 2018 డిసెంబరులో ఫ్లోరిడా రాష్ట్రమునందలి యొక సభ్యుని కంప్యూటరునకు దొరకిన సంఖ్యలో 2,48,62,048 అంకెలు కలవు. 2024లో అంతకంటె పెద్దదియు ఆ సంఘమువారికే దొరకెను గాని అది అద్దెకు గొన్న యంత్రముల సాయమున దొరకినది.

1999 మే 17వ తేదీని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు జెందిన బర్‌క్లీ శాఖవారు ‘సెటి ఎట్ హోమ్’ అను పథకమును ఆరంభించిరి. ఇతర లోకములందు బుద్ధిజీవులున్నచో వారి రేడియో సంకేతములు మనకు వినవచ్చునేమో యని వెదకుట దాని యుద్దేశము. పోర్టోరీకో ద్వీపమున అరెసీబోవద్ద 305 మీటర్ల వెడల్పుగల రేడియో దూరదర్శిని గ్రహించిన ధ్వనులను టేపులపై నెక్కించి తపాలాద్వారా బర్‌క్లీకి పంపెడివారు. అచ్చట వానిని 107 సెకండ్ల చిన్న ముక్కలుగా గోసి లోకమునకు పంచెడివారు. ఏబది లక్షలకు మించిన జనులు ఇందు పాల్గొనిరి. 2020 మార్చి 31న క్రొత్త పనిముక్కలు పంపుట నిలిపివేయబడెను. ఆ యేడే డిసెంబరు 1న అరెసీబో దూరదర్శినియు కూలిపోయెను. పరలోకవాసుల జాడ దొరకలేదు. అయినను ఆ పథకము నడుపుచు బర్‌క్లీవారు నేర్చిన దానినుండి ‘బాయింక్’ అను సాధనము పుట్టెను. డేవిడ్ యాండర్‌సన్ 2002లో దానికి శ్రీకారము చుట్టెను. దానిద్వారా ఏ శాస్త్రజ్ఞుడైనను తన పనిని పంచిపెట్టవచ్చును. ఏ గృహస్థుడైనను తనకు నచ్చిన పనిని ఎన్నుకొనవచ్చును.

ఫలములు లేవనరాదు. 2010వ సంవత్సరమున ‘ఐన్‌స్టీన్ ఎట్ హోమ్’ అను పథకమున, అమెరికాలో అయోవా రాష్ట్రమునందలి దంపతుల కంప్యూటరును, జర్మనీలో మైంజ్ నగరవాసి యొకని కంప్యూటరును లెక్కగట్టిన ముక్కలలో, అంతవఱకు ఎవ్వరును చూడని పల్సార్ అను నక్షత్రము కనబడెను. ఇరువురికి పంపి సరిచూచుటచేతనే ఆ గౌరవము రెండిండ్లకును దక్కినది. 2000వ సంవత్సరమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్య విజయ్ పాండే ఆరంభించిన ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’ పథకము మన శరీరమందలి ప్రోటీనులు ముడుచుకొను తీరును, కదలు తీరును పరిశీలించును. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి లోకమును మూసివేసినప్పుడు లక్షలకొలది జనులు ఇంట కూర్చుండి తమ కంప్యూటరులను ఈ పథకమునకు అప్పగించిరి. ఆ నెలలోనే వారి సమష్టి శక్తి సెకండునకు 1 ప్రక్కను 18 సున్నలు వేసినన్ని లెక్కలను మించెను. అంతవఱకు ఏ మహాయంత్రమును ఒంటిగా ఆ మెట్టు నెక్కియుండలేదు.

ఇంతవఱకు నక్షత్రములు, సంఖ్యలు, రోగములు. మన జిల్లావారికి వీనికంటె దగ్గఱ విషయము వాన. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కనుమలపై కురిసి తేలికయై మనయొద్దకు వచ్చును. ఈశాన్యపు వానలు తూర్పు తీరమున కురిసి మన దాక వచ్చుసరికి సన్నగిల్లును. ఆ వచ్చు కొద్ది వానయు ఒక పొలమును దడిపి, గట్టున కావలి పొలమును ఎండగట్టుట మన మెఱుగుదుము. దీనికి కారణము కలదు. ఉరుముల వాన గురియు మేఘము కొలది కిలోమీటర్ల వెడల్పే గలది. భూగోళమంతటి వాతావరణమును లెక్కించు పద్ధతులలో నేలను పెక్కు కిలోమీటర్ల గడులుగా గీయుదురు. వలకన్ను పెద్దదైనచో చిన్న చేప జాఱిపోవునట్లు, ఆ గడులలో మన మేఘము జాఱిపోవును. గడి చిన్నది చేసినచో లెక్కలు అనేక రెట్లు పెరుగును.

ఈ కష్టమునకే స్వచ్ఛంద గణనము తోడ్పడుచున్నది. 2004లో ఐబీఎం సంస్థ స్థాపించిన ‘వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్’ అను వేదికపై, 2019లో నెదర్లాండ్స్ దేశమందలి డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు ఆఫ్రికా వర్షముల పథకమును ఆరంభించిరి. సహారా ఎడారికి దక్షిణమున నున్న ఆఫ్రికాలో ఒక కిలోమీటరు గడితో వానలను లెక్కించుట వారి సంకల్పము. అచ్చటి రైతులును మనవలె వానపై నాధారపడి పంట లిడువారే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి 2003లో ఆరంభమైన ‘క్లైమేట్ ప్రెడిక్షన్’ పథకము మఱియొక తెరువు త్రొక్కినది. వాతావరణము ఆరంభమున ఇసుమంత మాఱినను కొన్ని వారములకు ఎంతో మాఱును. కావున ఒకే కాలమును, ఆరంభము నించుకించుక మార్చి, వేలకొలది పర్యాయములు లెక్కింతురు. వానిలో ఎన్నిట కరవు వచ్చినదో ఎంచుదురు. పిమ్మట మానవులవలన భూమి వేడెక్కకయున్నచో నెట్లుండెడిదో మఱల వేలకొలది పర్యాయములు లెక్కింతురు. రెంటిని పోల్చి, కరవు సంభవము ఎంత పెరిగినదో చెప్పుదురు. ‘వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరెరుగుదురు’ అను సామెత నేటికిని అబద్ధము కాలేదు. కాని వాన రాని యేడు ఎంత తఱచుగా రావచ్చునో యెఱుగుట, ఏమియు నెఱుగకుండుటకంటె మేలు గదా.

ఇంతవఱకు చదివిన విద్యార్థి వెంటనే తన కంప్యూటరును అప్పగింప నుత్సహింపవచ్చును. ఒక్క నిమిష మాగవలెనని మా మనవి. ‘మిగులు’ అని మనము పలికిన మాటలో నొక మోసము కలదు. ఖాళీగా నున్న ప్రాసెసరు తక్కువ విద్యుత్తు త్రాగును. పనిలో నున్నది ఎక్కువ త్రాగును. శక్తి మిగులే గాని విద్యుత్తు మిగులు కాదు. లెక్క వేసి చూతము. ఒక కంప్యూటరు ఖాళీగా నున్నప్పుడు 40 వాట్లు, పూర్తిగా పనిచేయునప్పుడు 100 వాట్లు గైకొనుననుకొందము. ఎట్లును వెలుగుచుండు 8 గంటలలో దానిచే దానపు పని చేయించినచో దినమునకు 480 వాట్‌గంటలు, నెలకు 14.4 యూనిట్లు అధికమగును. యూనిటు 6 రూపాయలని యెంచినచో 86 రూపాయల 40 పైసలు. అట్లుగాక, దానముకొఱకే రాత్రి 10 గంటలు వెలిగించి యుంచినచో నెలకు 30 యూనిట్లు, 180 రూపాయలు. మొదటిది ఒక పంకా తిరుగుటకు పట్టునంత కంటె మించదు. రెండవది బీదయింట భారమే. యంత్రము పాతదైనకొలది ఒక్కొక్క పనిముక్కకు ఖర్చగు విద్యుత్తు హెచ్చును. మఱియు ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగా మాఱును. మన వైశాఖపు టెండలలో ఆ వేడి యంత్రమునకును మంచిది కాదు, గదిలోని మనుష్యునకును మంచిది కాదు.

ఈ హెచ్చరిక చేయుటకు మన సీమకంటె అర్హత గలది వేఱొకటి లేదు. ఏలయన, కనబడని నిధిని మిగులని భ్రమించుటవలన గలుగు చేటు మన మనుభవించినాము. గట్టి రాతినేల క్రింద పగుళ్లలో నిలిచిన నీటిని, నా పొలము క్రిందిది నాదే, ఎంత తోడినను మిగులే యని బోరుపై బోరు వేసితిమి. ఆ నీరు అందఱి బోరుల క్రిందను ఒకటే. తోడినకొలది అది దిగిపోయెను; బావు లెండెను; బోరులకై చేసిన అప్పు మిగిలెను.

ఆ చేటునకు విరుగుడు వెదకుటలోనే, కంప్యూటరు లేకయే, స్వచ్ఛంద గణనమువంటి పని యొకటి మన రైతులు చేసిరి. 2000 తరువాతి దశాబ్దమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయమున, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ అను ఏడు జిల్లాలలో రైతులే భూగర్భజలమును గొలుచు నొక పథకము నడచెను. పల్లెలలోని స్త్రీపురుషులు వానమాపక పాత్రలో పడిన వానను ప్రతిదినము కొలిచిరి. ఎన్నుకొన్న బావులలో నీటిమట్టమును పదునైదు దినముల కొక పర్యాయము కొలిచిరి. ఆ అంకెలను అందఱు చూచునట్లు ఊరిలో వ్రాసియుంచిరి. రబీ పంటకు ముందు, క్రింద నున్న నీ రెంత, తాము వేయదలచిన పంటలు త్రాగు నీ రెంత యని సభలో లెక్కగట్టిరి. ఏ పంట వేయవలెనో ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. లెక్క చూచి ఎవరికి వారే నిశ్చయించుకొనిరి. ఒక్కని కొలత వలన ఏమియు తెలియదు. వేలమంది తలా కొంత కాలమిచ్చి కొలిచినందున భూమి క్రింది సంగతి తెలియవచ్చినది. ఇంటి కంప్యూటరుల దానమును సరిగా నిట్టిదే. అందు చేరు యంత్రములకంటె, చేరవలెనను మనుష్యుల సంకల్పము ముఖ్యము.

ఇక ఆచరణకు వత్తము. మొదటి నియమము అనుమతి. కంప్యూటరు ఎవరిదో వారి అనుమతి లేక, పాఠశాలలోగాని కార్యాలయములోగాని ఇట్టి ప్రోగ్రామును నెలకొల్పరాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రమున నొక కళాశాల ఉద్యోగి మంచి యుద్దేశముతోనే అట్లు చేసి, నేరాభియోగమునకు గుఱియై, 2002లో రాజీవలన మాత్రమే బయటపడెను. ఇంటనైనను కరెంటు బిల్లు కట్టు పెద్దలను అడిగియే ఆరంభింపవలెను. రెండవది, ప్రోగ్రామును ఆ పథకముయొక్క సొంత చోటునుండియే తెచ్చుకొనవలెను. ఎవరో పంపిన దానిని నమ్మరాదు. మూడవది, పరిమితి. బాయింక్‌లో ప్రాసెసరు శక్తిలో ఇంత శాతమే, ఇన్ని గంటలనుండి ఇన్ని గంటలవఱకే, యజమానుడు పనిచేయనప్పుడే యని ముందుగా నేర్పఱచుకొనవచ్చును. ఒడిలోని కంప్యూటరు బ్యాటరీపై నున్నప్పుడు పని నిలుచునట్లు చేయవచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులకును ఈ ప్రోగ్రాము 2013లో వచ్చినది. చార్జి యెక్కుచున్నప్పుడు మాత్రమే అది పనిచేయునట్లు ఉంచుట మేలు. నాలుగవది, పథకముయొక్క పరీక్ష. దానిని నడుపువారెవరు? ఫలితములను లోకమునకు వెల్లడింతురా? పని యింకను సాగుచున్నదా? ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానము దొరకిననే చేరవలెను.

కావున మేము చెప్పదలచిన దిది. ఎండకాలమున వలదు, చలికాలమున, ఎట్లును వెలుగుచున్న క్రొత్త యంత్రమున, పెద్దల అనుమతితో, కొలిచి పెట్టుకొన్న పరిమితిలో, దినమునకు కొన్ని గంటలు ఇండు. అంత మాత్రము చేయజాలనివారు చేయకున్నను దోషములేదు. వానమాపక పాత్ర చూచి దినమునకొక అంకె వ్రాయు విద్యార్థియు శాస్త్రమునకు అంతే సేవ చేసినవాడు. మిగులనుకొన్నదానిని కొలువక తోడుట మన సీమను ఎండగట్టినది. కొలిచి యిచ్చినది కొంచెమైనను, దూరదేశమున వానకై యెదురుచూచు నొక రైతునకు, మందుకై యెదురుచూచు నొక రోగికి ఉపయోగపడవచ్చును. ఇచ్చుటకు ముందు కొలుచుట నేర్చినవాడు, తన యింటిలో ఖాళీగా నున్న యంత్రమునకే గాక, తన పొలము క్రింది నీటికిని మంచి ధర్మకర్త కాగలడని మా నమ్మకము.